తెర వెనక దొరసాని

ప్రియమైన శ్రీమతికి,

క్షేమంగా చేరాను. ఓడరేవు క్వార్టర్స్ అంటే ఏదో ఊహించుకున్నాను. రేకుల షెడ్డు, నాలుగు మంచాలు, నాలుగు రకాల గురకలు. పగలంతా క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని ఓడలోంచి పెట్టెలు ఎత్తడం, లారీల మీద దించడం. ఏడాదంతా ఇదే పని. కళ్లు మూసుకున్నా ఎదురుగా కొక్కెం ఊగుతూనే ఉంటోంది.

ఇక అసలు సంగతి. తొట్లో దొరకీ దొరసానికీ మధ్య పెట్టిన గాజుపలక ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు. ఆలుమగలన్నాక గొడవలుంటాయి గానీ, దొర మరీ తోక కొరికేస్తున్నాడు. వాళ్ల మనసులు కలిసేదాకా అలాగే ఉండనీ. మూత మీద నీ పాత ఇస్త్రీపెట్టె బరువు ఉండాల్సిందే. జానెడు లేకపోయినా కొర్రమీను జాతి కదా, సందు దొరికితే బయటికి గెంతుతాయి. రోజూ సాయంత్రం చెరో వానపాము వెయ్యి. ముక్కు మూసుకుని వేసినా పర్వాలేదు, వెయ్యడం ముఖ్యం.

వాటిని పట్టిన వాగు ఇప్పుడు రోడ్డు కింద పైపులో పారుతోంది. ఆ చిట్టి కొర్రమీనులు ఊరు మొత్తానికి మిగిలినవి నాలుగే. రెండు మనింట్లో, రెండు ఆ నాలుగుకళ్లవాడి దగ్గర. వీధి మూల మీద కళ్లజోళ్ల షాపు పెట్టుకున్న ఆ మహానుభావుడు ఒకప్పుడు నా ప్రాణస్నేహితుడని నీకు తెలుసు. ఒకే వల, ఒకే బకెట్. పంచుకునేటప్పుడు నేనే ముందు చెయ్యి పెట్టి, రెక్కల అంచు నారింజరంగులో బాగా మెరుస్తున్న రెండింటిని తీసుకున్నాను. వెలిసిపోయినట్టున్న రెండూ వాడికి వదిలేశాను. వాడు మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ నవ్వు నన్ను ఈనాటికీ తినేస్తోంది. ఏం చూసుకుని నవ్వాడు? అప్పట్నుంచి వాడు తన తొట్టికి పేపర్లు అంటించాడు, నేను నీచేత తెర కుట్టించాను.

చేపలు పెంచేవాళ్ల సంఘంలో ఇంతవరకూ ఎవరూ ఈ చేపకి ఇంట్లో పిల్లలు తియ్యలేదు. తీస్తే నేనే తియ్యాలి. వాడి తొట్లో ముందు పుట్టాయంటే ఆ సంఘం గుమ్మం మళ్లీ తొక్కను. ఒకవేళ నేను లేనప్పుడే ఆ శుభం జరిగితే కంగారుపడకు. ఈ జాతిలో మగది గుడ్లనీ పిల్లల్నీ నోట్లో దాచుకుని కాపాడుతుంది. అన్నాళ్లూ తిండి ముట్టదు. జబ్బనుకుని మందులు వెయ్యకు. ఎవరినీ సలహా అడగకు. ముఖ్యంగా వాడిని.

అమ్మ మోకాళ్లకి నూనె రాస్తూ ఉండు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ వాడు

* * *

ప్రియమైన శ్రీవారికి,

ఉత్తరం అందింది. చేపలకి మూడు పేజీలు, అత్తయ్య మోకాళ్లకి ఒక ముక్క, నాకు ఒక ముక్క. నన్నూ మర్చిపోలేదు, అదే పదివేలు.

దొరగారూ దొరసానిగారూ కులాసా. వానపాముల కోసం రోజూ పెరట్లో తవ్వుతున్నాను. పక్కింటావిడ నేనేదో నిధి వెతుకుతున్నాననుకుని గోడ మీంచి తొంగి చూస్తోంది. గాజుపలకకి ఇటూ అటూ చేరి రెండూ ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకుంటూనే ఉన్నాయి. అత్తయ్య కుర్చీ అక్కడికి లాక్కుని చాలాసేపు చూసి, "వీళ్ల వాలకం మొగుడూ పెళ్లాల్లా లేదే. ఆస్తి తగాదాలున్న అన్నదమ్ముల్లా ఉన్నారు" అంది.

ఒక హోటలువాళ్లు గదులన్నిటికీ కర్టెన్లు కుట్టమని ఆర్డరిచ్చారు. బోలెడు గుడ్డ, తక్కువ గడువు. తీరా కూర్చుంటే సూదిలో దారం ఎక్కదు. మిషను సూదికైతే అత్తయ్యే ఎక్కించింది, ఆవిడకి దగ్గర చూపు ఇంకా బాగానే ఉంది. నాకే సిగ్గేసి కళ్లు చూపించుకుందామని బయల్దేరాను. వేరే షాపుకి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. పని వదిలి అంతసేపు తిరగలేక మూల మీద షాపుకే వెళ్లాను.

కళ్లజోళ్లాయన కూర్చోబెట్టి, కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. "ఎన్నాళ్లుగా ఇలా ఉందమ్మా?" అన్నాడు. రెండేళ్లుగా అన్నాను. "ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడు. ఏం చెప్పను? గది ఆ చివర నిలబడి చేప రెక్క అంచు రంగు తగ్గిందని కనిపెట్టే మనిషితో కాపురం చేస్తున్నానని చెప్పలేకపోయాను.

వచ్చే వారం ఇస్తాడట. నా ముఖానికి నప్పే ఫ్రేము తనే వెతికి తీశాడు.

వేళకి తినండి.

మీ ఇల్లాలు

* * *

శ్రీమతి గారికి,

ఊళ్లో ఆ షాపు తప్ప ఇంకో షాపు లేనట్టు వాడి దగ్గరికే వెళ్లావా? రెండు బస్సులు కాకపోతే నాలుగు బస్సులు మారు. కర్టెన్లు ఆలస్యమైతే హోటలేమీ మునిగిపోదు.

కళ్లలోకి చాలాసేపు చూశాడని రాశావు. ఎంతసేపు? ఎందుకంతసేపు? నాకు చూపు పరీక్ష చేసినప్పుడు గోడ మీద అక్షరాలు చదవమని పంపించేశారు, ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు. పైగా ఫ్రేము కూడా వాడే ఎంచాడు. నీ ముఖానికి ఏది నప్పుతుందో వాడికెలా తెలుసు?

నిన్న క్యాబిన్‌లో ఇదే ఆలోచిస్తూ పెట్టెని లారీ మీద దించాల్సింది పక్కన నేల మీద దించాను. ఫోర్‌మన్ అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. దులిపేసుకున్నాను. ఆయన మాటలకంటే నీ ఉత్తరంలోని ఆ లైటు ముక్కే ఎక్కువ గుచ్చుకుంటోంది. దాచడం దేనికి, నాకు కుళ్లుగా ఉంది. చిన్నప్పట్నుంచీ వాడికి నాది ఏదైనా కనపడితే కళ్లు దాని మీదే. నా గాలిపటం, నా సైకిలు, నా వల. ఇప్పుడు నా తొట్టి. ఆ తొట్టి దాకా రావాలంటే గుమ్మం దాటాలి కాబట్టి నీ కళ్ల మీంచి దారి వేసుకుంటున్నాడు.

తొట్టి తెర అంచులు దగ్గరికి లాగి కుట్టేసెయ్. వాడు వచ్చినా రాకపోయినా కుట్టెయ్. అమ్మ మాటలు పట్టించుకోకు, చేపల సంగతి ఆవిడకేం తెలుసు.

నీ చూపు తగ్గడం నేను గమనించలేదన్నావు. నిజమే. దాని గురించి వచ్చాక మాట్లాడదాం. ముందు వాడు చేపల గురించి ఏమేం అడిగాడో ఒక్కటి కూడా వదలకుండా రాయి.

నీ భర్త

* * *

ప్రియమైన శ్రీవారికి,

ఈసారి మీ ఉత్తరంలో 'ప్రియమైన' ఎగిరిపోయింది. కొత్త కళ్లజోడు కదా, మొదట కనిపించింది అదే.

ఆయన చేపల గురించి ఒక్క ముక్క అడగలేదు. అడిగింది నేను. కళ్లజోడు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, షాపు వెనక గదిలో పేపర్లు అంటించిన తొట్టి కనిపించింది. "ఒక్కసారి చూడొచ్చా?" అన్నాను. ముందు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత, "నువ్వు చూస్తే పోయేదేముందిలేమ్మా, నీకేం తెలుస్తుంది గనక" అని పేపరు ఎత్తాడు.

మీరన్నట్టు రంగు వెలిసినవే. కానీ ఎంత పొందికగా ఉన్నాయో. ఒకే పెంకు కింద పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. కొట్టుకోవడమన్నదే లేదట. "ఇన్నేళ్లుగా ఇంత అన్యోన్యంగా ఉంటాయి, గుడ్లు మాత్రం పెట్టవు" అని నిట్టూర్చి, అనవసరంగా నోరు జారానని వెంటనే పేపరు దించేశాడు. ఇంటికొచ్చి మన తొట్టి ముందు చాలాసేపు కూర్చున్నాను. నాకొకటి తోచింది. తేలకుండా రాస్తే మీరు క్రేన్ మీంచి దూకుతారని రాయడం లేదు.

చెవి దగ్గర ఫ్రేము ఒరుసుకుంటోందంటే సరిచెయ్యడానికి ఆయనే ఇంటికొచ్చాడు. అత్తయ్య కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆ రోజే తెర ఉతికి ఆరేశాను. తొట్టిని చూసి ఆయన లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు. గాజుపలక, ఇస్త్రీపెట్టె, అన్నీ పరీక్షగా చూశాడు. నీళ్లు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ ముఖంలో ఉన్నదేమిటో నేను బాగా గుర్తుపట్టగలను, ఇన్నేళ్లుగా మీ ముఖంలో చూస్తున్నదే.

తెర ఆరింది కానీ మళ్లీ కట్టలేదు. కుట్టమంటే అసలు కుట్టను.

మీ ఇల్లాలు

* * *

ప్రియమైన శ్రీవారికి,

నెల దాటినా జవాబు లేదు. అలిగినట్టున్నారు. అలిగినా మీకు చెప్పక తప్పని సంగతి.

మన తొట్లో ఒకటి తిండి మానేసింది. వానపాము ముక్కు ముందు ఆడినా చూడటం లేదు. గొంతు కింద సంచీలా ఉబ్బింది. మీరు ముందే చెప్పారు కాబట్టి మందుల జోలికి పోలేదు. నిన్న అది ఆవలించినట్టు కొంచెం నోరు తెరిచింది. లోపలంతా కళ్లు. ఆవగింజల్లో సగం ఉంటాయేమో, బోలెడు కళ్లు నావైపు చూస్తున్నాయి. కళ్లజోడు లేకపోతే చూసేదాన్నే కాదు.

పిల్లలండీ.

మీ ఇల్లాలు

* * *

శ్రీమతి గారికి,

నీ ఉత్తరం చదివి గంతులెయ్యాలి. కానీ అన్నం సహించలేదు. పక్కమంచం వాడు ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. పిల్లలు పుట్టారని చెప్పాను. ముఖం అలా పెట్టావేమిట్రా అన్నాడు.

ఎన్నేళ్లు ఆ తొట్టి ముందు కాపలా కాశాను. టార్చి పట్టుకుని కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. వాననీళ్లు పట్టాను, ఎండుటాకులు మరిగించి ఆ నీళ్లు పోశాను, నీళ్లలో వేడి ఎంతుందో రోజుకి పదిసార్లు చూశాను. ఒక్క గుడ్డు కూడా లేదు. నేనలా గుమ్మం దాటానో లేదో ఆ కళ్లు నీకు కనిపించాయి. అవి నేను చూడాల్సిన కళ్లు. నీ మీద కూడా నాకు కుళ్లుగా ఉంది, రాయకుండా ఉండలేను.

పోనీ నీ చేతిచలవ అనుకుందామా. కాదు. వాడు ఇంటికొచ్చి చూసి వెళ్లాడు, రెండు నెలలు తిరక్కుండా ఇది జరిగింది. నాకు తెలియదనుకున్నావా? వాడు గాజుపలక తీయించాడు. నీళ్లలో ఏదో కలిపాడు. నా తొట్లో చెయ్యి పెట్టాడు. రేపు సంఘంలో నిలబడి, "వాడికి చేతకానిది నేను చేసిపెట్టాను" అని అదే మీసాల్లో నవ్వుతాడు. ఆ నవ్వు రెండోసారి చూసే ఓపిక నాకు లేదు.

వాడి చెయ్యి పడి పుట్టిన పిల్లలు నాకొద్దు. దొర నోట్లో ఉన్నవాటితో సహా తొట్టి మొత్తం తీసుకెళ్లి కాలవలో పొయ్యి.

ఇంకొక మాట. వాడు మనింటికి వస్తున్నది కళ్లజోడు కోసమా, చేపల కోసమా, నీ కోసమా? నాకు తెలియాలి.

నీ భర్త

* * *

ప్రియమైన నీకు,

కాలవలో పొయ్యొద్దు.

ఆ ఉత్తరం డబ్బాలో వేసిన మర్నాడే దీన్ని రాయాల్సింది. రాయలేదు, పౌరుషం అడ్డొచ్చింది. నీ జవాబొస్తే చూద్దాంలే అనుకున్నాను. రాలేదు. ఇప్పుడు పోస్టు వచ్చే వేళకి క్రేన్ దిగి గేటు దగ్గర నిలబడుతున్నాను. గేటు కాపలావాడు నన్ను చూడగానే దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.

పోసేశావా? నీకు నా మీద కోపం వస్తే చెప్పింది చెప్పినట్టే చేస్తావు, నాకు తెలుసు. తిండి మానేసి పిల్లల్ని నోట్లో పెట్టుకున్నవాడిని కాలవలో పొయ్యమని రాసిన చెయ్యి నాదేనా అనిపిస్తోంది. ఆ నాలుగుకళ్లవాడి మీద మంట తగ్గిందని అబద్ధం చెప్పను, అది అలాగే ఉంది. కానీ పిల్లలు వాడివల్ల పుట్టినా సరే, బతకనీ.

చివర్లో అడిగిన మాట చదవనట్టే ఊరుకో.

ఒక్క ముక్క రాయి.

నీ వాడు

* * *

ప్రియమైన శ్రీవారికి,

కావాలనే రాయలేదు. మీరు గేటు దగ్గర నిలబడుతున్నారని చదివి జాలేసింది. కొంచెం సంతోషం కూడా వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నా కబురు కోసం నిలబడటం ఇదే మొదలు, అదీ చేపల పుణ్యమా అని.

కాలవలో పొయ్యలేదు. ఊపిరి పీల్చుకోండి.

చివరి మాట చదవనట్టు ఊరుకోమన్నారు. ఊరుకోలేను. ఆ వాక్యం మటుకు కత్తెరతో కత్తిరించి ఈ కవరులోనే పెట్టాను. మీ వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి, నా ఇంట్లో దానికి చోటు లేదు. అది చదివిన రోజు కుట్టిన కర్టెను వంకర పోయి, మొత్తం విప్పి మళ్లీ కుట్టుకున్నాను. ఏడ్చాను కూడా. మీ చేపల మీద నాకెంత కుళ్లుండేదో మీకు తెలుసా? మీరు టార్చి పట్టుకుని కూర్చున్న ప్రతిసారీ, నన్ను ఒక్కసారి అలా చూడకూడదా అనుకునేదాన్ని. అయినా నేను ఏనాడూ వాటిని కాలవలో పొయ్యమనలేదు.

ఇక చేపల సంగతి. క్రేన్ మీద చదవకండి, కిందికి దిగి కూర్చుని చదవండి.

మీ దొరసాని మగది.

చిన్నగా ఉందని ఆడదన్నారు. నిజానికి దొరకంటే వయసులో చిన్న, అంతే. కొత్త కళ్లజోడుతో చూస్తే రెండింటికీ ఒకే వెడల్పు తల, ఒకే నారింజ అంచు. కళ్లజోళ్లాయన చేపలు రెండింటికీ తల సన్నం, పొట్ట గుండ్రం. మీరు రంగు చూసి రెండు మగవాటిని కొట్టేశారు. ఆయన పొట్టలు చూసి, వీడు వదిలేసినవాటిలోనే గుడ్లున్న ఆడది ఉందని మీసాల్లో నవ్వుకుని రెండు ఆడవాటిని తీసుకెళ్లాడు. ఎదుటివాడిని బోల్తా కొట్టించామని ఇద్దరూ మురిసిపోయారు. మీరు ఇద్దరు మగవాళ్లని ఒక గదిలో పెట్టి ఆలుమగల గొడవలన్నారు. ఆయన ఇద్దరు ఆడవాళ్లని ఒక గదిలో పెట్టి అన్యోన్య దాంపత్యమన్నాడు. విషయం చెప్తే అత్తయ్య నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయింది.

ఇన్నేళ్లలో మీలో ఎవరో ఒకరు ఒక్కపూట తెర తీసి ఉంటే తెలిసిపోయేది. మీ ఇద్దరి మధ్యా దూరం ఎంత? ఐదిళ్లు. ఆయన నన్ను లెక్కలో వేసుకోక పేపరు ఎత్తాడు. మీరు నన్ను లెక్కలో వేసుకోక తొట్టి నా చేతికిచ్చి వెళ్లారు. అందుకే రెండు తొట్లూ చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన తొట్లో చెయ్యి పెట్టలేదు. గాజుపలకా ఎవరూ తియ్యలేదు. ఆయన షాపుకి కర్టెన్ కుట్టిపెడతానని, మా దొరసాని తోడు లేక దిగులు పడుతోందని చెప్పి, ఆయన చేపల్లో ఒకదాన్ని కొన్నాళ్ల కోసం అడిగి తెచ్చుకున్నాను. మూత ఉన్న స్టీలుడబ్బాలో, తడిగుడ్డ కప్పి, నేనే ఐదిళ్లు నడిచి తెచ్చాను. దొరసాని ఉన్నవైపు వదిలాను. ఆ రోజు సాయంత్రం నుంచే రెండూ ఒకే పెంకు కిందికి చేరాయి. తిండి మానేసి పిల్లల్ని నోట్లో పెట్టుకుని కూర్చున్నది దొర కాదు, దొరసాని. దొర గాజుపలక అవతల నిలబడి గుడ్లురుముతూ చూస్తున్నాడు, అచ్చం మీలాగే.

ఆయనకి నిజం చెప్పాను. ఆ రోజు షాపు మూసేశాడు. మర్నాడొచ్చి, "అయితే మీ ఆయన మగవి రెండూ కాజేశాడన్నమాట" అన్నాడు. తర్వాత, "నా చేప నాకిచ్చెయ్యమ్మా, పిల్లలతో సహా. వాడి ఇంట్లో పుట్టాయంటే నేను సంఘంలో తలెత్తుకోలేను" అన్నాడు. మీరు కాలవలో పొయ్యమన్నారు, ఆయన తెచ్చిచ్చెయ్యమన్నాడు. ఇద్దరికీ పిల్లల గొడవ లేదు, ఎవరింట్లో అన్నదే గొడవ. ఆయనకి లేదన్నాను. మీకూ అదే జవాబు.

పిల్లలు ఇప్పుడు బయటికొచ్చి తండ్రి తల చుట్టూ తిరుగుతున్నాయి. నీడ పడితే చాలు, దొరసాని నోరు తెరుస్తాడు, అన్నీ లోపలికి దూరిపోతాయి. చిక్కి సగమయ్యాడు పాపం. నిన్నే మొదటిసారి వానపాము ముట్టాడు. నేను చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడ్డాను.

సంఘం కార్యదర్శి వచ్చి చూశాడు. ఎవరి పేరు రాసుకోమంటారని అడిగాడు. ఒక్క క్షణం మీ పేరు నోటిదాకా వచ్చింది. మింగేసి నా పేరు చెప్పాను. ఆ వాగు చేపకి ఇంట్లో మొదట పిల్లలు తీసింది మీరూ కాదు, ఆయనా కాదు. కర్టెన్లు కుట్టుకునే నేను.

తొట్టి తెర కత్తిరించి మిషనుకి కవరు కుట్టాను, గుడ్డ సరిగ్గా సరిపోయింది. తొట్టి ముందు రెండు కుర్చీలు వేశాను. ఒకదాంట్లో కళ్లజోళ్లాయన ఇప్పటికే సాయంత్రాలు వచ్చి, అత్తయ్యతో కబుర్లాడుతూ, ముఖం ముడుచుకుని కూర్చుంటున్నాడు. రెండోది ఖాళీగా ఉంది. సెలవు పెట్టి రండి. ఆయన పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి తనివితీరా నా మీద కుళ్లుకోండి.

మీ ఇల్లాలు